నాలుగడుగుల చెక్క మీద అమలాపురం రైలు

2020 మార్చి 22 అర్ధరాత్రి నుంచి పాసింజర్ బండ్లన్నీ ఆపేశారు. మా ఇల్లు సామర్లకోటలో పట్టాలకు దగ్గర. పుట్టినప్పటి నుంచి వింటున్నాం కాబట్టి రైలు చప్పుడు మాకు చప్పుడే కాదు. ఆగిపోయాక గానీ అదొకటి ఉండేదని తెలియలేదు. అడపాదడపా గూడ్సు వెళ్తే ఇంటిల్లిపాదీ తల తిప్పి చూసేవాళ్లం.

ఆ వారమే నా డీటీపీ, ఫ్లెక్సుల షాపు షట్టర్ దించాను. ఏప్రిల్, మే పెళ్లిళ్లకు కొట్టిన శుభలేఖలు కట్టలు కట్టలుగా మిగిలిపోయాయి. ముహూర్తాలు వాయిదా పడ్డాయి, పెళ్లివారు రాలేదు, మిగతా డబ్బు అడగడానికి నాకు నోరు రాలేదు. మరుసటి ఏడాది అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట ముద్ద ముద్దగా అయిపోయింది. రాత్రి తొమ్మిదికి ఆమెకు మాత్రలు వేశాక నిద్రపట్టే దాకా నాకు ఓ ముప్పావుగంట మిగిలేది. ఫోన్ పట్టుకుంటే బాకీల మెసేజీలు, లేదంటే చావు కబుర్లు. చేతికి ఏదైనా పని కావాలనిపించింది. చిన్న పని, పాడైనా ఎవరికీ నష్టం లేని పని.

అలా మొదలైంది నా బొమ్మ రైలు. మీ ఇంట్లోనూ ఇలాంటి రోజులు నడుస్తుంటే, డబ్బూ టైమూ రెండూ లేకపోతే, నేను చేసింది చేసినట్టు చెబుతాను.

ముందు పెద్ద ప్లాను చించేయండి

నేను ఇరవై రోజులు కాగితం మీద గీతలు గీశాను. ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటు, రెండు లూపులు, మధ్యలో రాజమండ్రి ఆర్చి బ్రిడ్జి. తర్వాత ఒకరోజు లెక్క వేశాను. ఆ బ్రిడ్జికి ఒక్కో స్పాను 97.55 మీటర్లు. నేను అనుకున్న స్కేలు ప్రకారం 87తో భాగిస్తే 1.12 మీటర్లు. అలాంటివి 28 ఉన్నాయి. అంటే 31 మీటర్ల పైమాట, మా వీధి సగం కావాలి. ఆ కాగితం చించి చెత్తబుట్టలో వేసిన రోజే అసలు పని మొదలైంది.

కొలత నేను ఇలా పెట్టుకున్నాను. చెక్కను ఒక్క మనిషి ఎత్తి బీరువా మీద పెట్టగలగాలి. పక్క గదిలోంచి పిలుపొస్తే పని ఎక్కడిదక్కడ వదిలేసి వెళ్లగలగాలి. ఈ లెక్కన నాకు వచ్చింది నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు. గుండ్రటి లూపు ఇందులో పట్టదు. హెచ్‌ఓ అనే బొమ్మ రైళ్ల సైజులో 18 అంగుళాల వ్యాసార్ధం వంపు తిప్పాలంటేనే మూడడుగుల పైన వెడల్పు కావాలి. కాబట్టి తిన్నటి ఒకే లైను, ఒక చివర స్టేషను, రెండో చివర ఒక అట్ట వెనక దాగే చోటు. బండి అటు వెళ్తుంది, ఇటు వస్తుంది, అంతే. బండిని పట్టా మార్చే పాయింట్లు, పక్క లైన్ల సైడింగులు ఏవీ లేవు. మధ్యలో ఆశపడి ఒక పాయింటు కొన్నాను. అది ఇప్పటికీ డబ్బాలోనే ఉంది.

ఊరు ఎంచుకోవడం

మా అమ్మ పుట్టింది అమలాపురం పక్కన. కాకినాడ నుంచి కోటిపల్లికి 45 కిలోమీటర్ల లైను 1928లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1940లో, ఆ పట్టాలు పీక్కుపోయారు. మళ్లీ 2004లో గానీ వేయలేదు. తర్వాత దాని మీద ఒకే ఒక్క పెట్టెతో రైల్‌బస్సు తిరిగేది. కోటిపల్లి దగ్గర గౌతమి అడ్డం, అక్కడితో లైను ఆఖరు. అవతలి ఒడ్డు ముక్తేశ్వరానికి పంటు ఎక్కాలి. అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురం దాకా 57 కిలోమీటర్లు మంజూరై పాతికేళ్లయింది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయలు దాటాలి మరి. అమలాపురానికి రైలొస్తుందన్న మాట మా అమ్మ ఎన్ని ఎన్నికల్లో విందో లెక్కలేదు.

అందుకని నా చెక్క మీద అమలాపురానికి రైలు వచ్చేసింది. ఇందులో ఒక తెలివి కూడా ఉంది. అక్కడ ఇంకా స్టేషనే లేదు కాబట్టి నా స్టేషను తప్పని వంక పెట్టేవాడు లేడు. పైగా రైల్‌బస్సు ఒకే పెట్టె, ఇంజిన్ విడదీసి అటు చివర తగిలించే గొడవ లేదు.

మీకు డొనకొండ కావచ్చు, గుంతకల్లు ప్లాట్‌ఫాం చివర టీ బండి కావచ్చు. మీ మనసుకు ముందే తెలిసిన చోటు తీసుకోండి, ఫోటోలు వెతికే పని తగ్గుతుంది. అరకు లైను మాత్రం మొదటిసారే వద్దు. కొండలు, సొరంగాలు కట్టేసరికి ఓపిక అయిపోతుంది.

కొలతల లెక్క

హెచ్‌ఓ అంటే అసలుదానిలో 87వ వంతు. అడుగు మూడున్నర మిల్లీమీటర్లు అవుతుంది, మీటరు పదకొండున్నర. ఈ రెండు అంకెలు గోడ మీద రాసిపెట్టుకుంటే చాలు. అయిదడుగుల ఆరంగుళాల మనిషి 19 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజి వెడల్పూ సరిగ్గా అయిదడుగుల ఆరంగుళాలే కాబట్టి అదీ 19 రావాలి. కానీ బజార్లో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5 మిల్లీమీటర్లది, విదేశాల గేజి లెక్క. దాదాపు మూడు మిల్లీమీటర్లు తక్కువ. దీన్ని సరిచేయాలని చూస్తే చక్రాల నుంచి అన్నీ మళ్లీ చేసుకోవాలి. నేను చూడనట్టు ఊరుకున్నాను. మీరూ ఊరుకోండి.

డీటీపీ వాళ్లకు ఇంకో లెక్క. మూడున్నర మిల్లీమీటర్లంటే అక్షరాల సైజు లెక్కలో దాదాపు పది పాయింట్లు. అంటే స్టేషను బోర్డు మీద అడుగు ఎత్తు వరుసకు పది పాయింట్ల సైజు పెడితే సరి, అక్షరం మాత్రం అంతకంటే కాస్త పొట్టిగా వస్తుంది. ఇన్నేళ్లు శుభలేఖల అడుగున 'బంధుమిత్రుల అభినందనలతో' అని కొట్టిన సైజు అది.

చెక్క, పట్టా, కరెంటు

ప్లైవుడ్ పన్నెండు మిల్లీమీటర్లది తీసుకోండి. నేను మొదట మిగులు ముక్క ఒకటి తెచ్చి రంగు పైవైపు మాత్రమే వేశాను. జూలై వానలకు చెక్క అరటికాయలా వంగింది, పట్టా మధ్యలో లేచింది, బండి అక్కడికొచ్చి చక్రాలు గాల్లో తిప్పుకుంటూ నిలబడేది. రెండోసారి పైన, కింద, అంచులకు కూడా ప్రైమర్ కొట్టి, అడుగున రెండు రీపర్లు బిగించాను. మన తడి గాలికి ఇది తప్పదు.

పట్టాలు, ఇంజిన్ సెకండ్ హ్యాండువి. హైదరాబాద్‌లో ఒకాయన పిల్లలు పెద్దవాళ్లై వదిలేసిన సెట్టు అమ్ముతుంటే తీసుకున్నాను. ఇంజిన్ బాడీ పగిలిపోయింది కాబట్టి చవగ్గా ఇచ్చాడు. నాకు కావాల్సింది మోటారు, చక్రాలు ఉండే కింది ఛాసిస్సే. కొత్త ఇంజిన్ ధర నా షాపు అద్దె కంటే ఎక్కువ, దాని జోలికి వెళ్లలేదు. సెట్టులో ఉన్న తొమ్మిదంగుళాల తిన్న ముక్కలు అయిదు వేస్తే 45 అంగుళాలు వచ్చాయి.

కరెంటుకు పాత వైఫై రూటరు అడాప్టరు పనికొచ్చింది. మీద 12 వోల్టుల డీసీ, 1 ఆంపియర్ అని ఉండాలి. లాప్‌టాప్ ఛార్జరు పెట్టకండి, అది 19 వోల్టుల దాకా ఇస్తుంది, మోటారు మాడుతుంది. ఎలక్ట్రానిక్స్ షాపులో డీసీ మోటార్ స్పీడ్ కంట్రోలర్ అని అడిగితే చిన్న బోర్డు ఇస్తారు. దాని తర్వాత ఆరు కాళ్ల డీపీడీటీ స్విచ్, మధ్యలో కూడా ఆగేది. మధ్య రెండు కాళ్లకు కంట్రోలర్ వైర్లు, ఒక చివరి రెండు కాళ్ల నుంచి పట్టాలకు. ఆ చివరి కాళ్లను రెండో చివరి కాళ్లకు ఇంటూ గుర్తులా అడ్డంగా కలపండి. స్విచ్ అటు వేస్తే ముందుకు, ఇటు వేస్తే వెనక్కి. అడాప్టరు గోడ దగ్గరే ఉంచి సన్నటి వైరు మాత్రం చెక్క దాకా తెచ్చాను. అమ్మ మంచం పక్కన 230 వోల్టులు రానివ్వడం నాకు ఇష్టం లేదు.

పట్టా ముక్కలను కలిపే జాయినర్లు కొన్నాళ్లకు కరెంటు సరిగ్గా ఇవ్వవు. ప్రతి అతుకు దగ్గర అటు ముక్కకూ ఇటు ముక్కకూ కలుపుతూ పట్టా బయటివైపు సన్నటి వైరు సోల్డర్ చేయండి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు. పని చప్పున అయిపోవాలి, ఎక్కువసేపు ఆనిస్తే ప్లాస్టిక్ స్లీపర్లు కరిగిపోతాయి. నావి నాలుగు కరిగాయి. వాటి మీద గడ్డి వేశాను.

ఇక అన్నిటికంటే నాకు నచ్చిన కిటుకు. చివరికొచ్చిన బండి కింద పడకుండా దానంతటదే ఆగాలి కదా. ఒక పట్టాను చివరి నుంచి ఎనిమిదంగుళాల దగ్గర హ్యాక్సా బ్లేడుతో కోయండి. ఆ కోతకు అటూ ఇటూ కలిపేలా, కరెంటును ఒకవైపే పోనిచ్చే 1ఎన్4007 డయోడు అతకండి. బండి పూర్తిగా కోత దాటగానే కరెంటు అందక ఆగిపోతుంది. స్విచ్ తిప్పితే డయోడు దారి ఇస్తుంది, బండి వెనక్కి బయల్దేరుతుంది. ఆగకుండా దూసుకుపోతే డయోడు తిరగేసి అతకాలి. రెండో చివరా ఇలాగే. ఎనిమిదంగుళాలు ఎందుకంటే నా ఛాసిస్ ఆరంగుళాలు. మీ బండి ఎంతుంటే దానికి రెండు అంగుళాలు కలుపుకోండి. డయోడుకు అయ్యే ఖర్చు చిల్లర. అమ్మ పిలిస్తే బండిని అలా వదిలేసి లేవగలిగానంటే దీనివల్లే.

శుభలేఖల రైల్‌బస్సు

ఆగిపోయిన పెళ్లిళ్ల అట్ట 300 జీఎస్ఎం, మంచి సరుకు. మూడు పొరలు ఫెవికాల్‌తో అతికించి బియ్యం బస్తా కింద ఒక రాత్రి ఉంచితే కర్రలా గట్టిపడుతుంది. బస్సు పక్కలు, పైకప్పు, ముందు వెనక మొహాలు అన్నీ దాంతోనే. కిటికీలు కోసేటప్పుడు మూలల దగ్గర మొదలుపెట్టి మధ్యకు కోయండి, మూల దాటి చిరగదు. బ్లేడు నాలుగు కిటికీలకు ఒకసారి మార్చండి. బ్లేడు దగ్గర పిసినారితనం చేసి నేను రెండు పక్కలు పాడుచేశాను. అద్దాలకు లామినేషన్ ఫిల్మ్ వెనక నుంచి అతికిస్తే సరిపోతుంది.

కొలతలు తెలియనప్పుడు బండి పక్కన మనిషి నిలబడ్డ ఫోటో వెతకండి. ఆ మనిషిని 19 మిల్లీమీటర్లకు తగ్గిస్తే బండి కొలత దానంతటదే వస్తుంది. పక్కల డిజైన్ కోరల్‌డ్రాలో గీసి స్టిక్కర్ షీటు మీద ప్రింటు తీశాను. ప్రింటు ఇచ్చేటప్పుడు 'ఫిట్ టు పేజ్' టిక్కు తీసేయండి. ఇరవై ఏళ్లు ఈ పని చేసిన నేనే మర్చిపోయాను. బస్సు మూడు మిల్లీమీటర్లు పొట్టిదై ఛాసిస్ మీద కూర్చోలేదు.

పైకప్పు ఎత్తి చూస్తే లోపల ఇంకా చదవొచ్చు. ఒకవైపు 'సుముహూర్తం', ఇంకోవైపు 'విందు'. ఆ జంటకు ఆ ఏడాదే కార్తీకంలో పెళ్లయిందట. కొత్త కార్డులు ఇంకెక్కడో కొట్టించుకున్నారు. పోనీలెండి.

ప్లాట్‌ఫాం, బోర్డు, చెట్లు

ఫ్లెక్సు షాపుల్లో సన్‌బోర్డు ముక్కలు పారేస్తుంటారు, అడిగి తెచ్చుకోండి. అయిదు మిల్లీమీటర్లది రెండు పొరలు వేస్తే చిన్న స్టేషను ప్లాట్‌ఫాం ఎత్తు వచ్చేస్తుంది. ఒక పొర పట్టా ఎత్తుకు పోతుంది, రెండోది ప్లాట్‌ఫాందే. అసలు లెక్కలో అది సుమారు 45 సెంటీమీటర్లు, పల్లెటూరి స్టేషన్లలో ముసలివాళ్లు ఒకరి చెయ్యి పట్టుకుని ఎక్కే రకం.

కంకరకు ఇల్లు కడుతున్న చోట క్రషర్ డస్ట్ గుప్పెడు అడగండి. టీ వడగట్టే జల్లెడలో జల్లించి, రెండుమూడుసార్లు అయస్కాంతం తిప్పండి. అందులో ఇనుప రజను ఉంటుంది, అది మోటారులోకి చేరితే ఇంతే సంగతులు. పట్టాల మధ్య పొడిగా సర్దాక ఫెవికాల్ ఒక వంతు, నీళ్లు రెండు వంతులు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలిపి సిరంజితో చుక్కలు చుక్కలుగా వదలండి. ఆ లిక్విడ్ చుక్క వేయకపోతే జిగురు లోపలికి దిగదు, పైనే ముత్యాల్లా నిలబడుతుంది. ఆ రాత్రి బండి తోలకండి.

గోదారి గట్టుకు న్యూస్‌పేపరు, మైదా జిగురు వాడాను, వారంలో చీమలు సొరంగాలు తవ్వేశాయి. బైండింగ్ వాళ్లు జిగురులో మైలుతుత్తం కలిపేది ఇందుకే. కానీ అది విషం. ఇంట్లో పిల్లలో రోగులో ఉంటే ఫెవికాల్‌తోనే కానివ్వండి, ఖర్చు కాస్త పెరిగినా.

ఇక కొబ్బరిచెట్లు. కోనసీమ అని బోర్డు పెట్టి కొబ్బరిచెట్టు లేకపోతే అమ్మ ఒప్పుకోదు. మొదట నాలుగంగుళాలవి చేశాను. కొబ్బరిచెట్లలా లేవు, కుండీల్లో మొక్కల్లా ఉన్నాయి. అసలు చెట్టు పదిహేను మీటర్లనుకున్నా ఏడంగుళాలు రావాలి. మనం బొమ్మల్లో చెట్లను ఎప్పుడూ పొట్టిగా ఊహించుకుంటాం. బైండింగ్ వైరు రెండు పోగులు మెలేసి, గోనె నార చుట్టి, కాస్త వంచండి. తిన్నగా ఉంటే కరెంటు స్తంభమే. ఆకులకు ఆకుపచ్చ కాగితం నిలువునా మడిచి అంచు కత్తెరతో సన్నగా చీలికలు చేయాలి.

కాయలకు ఆవగింజలు. ఫిజియో అమ్మాయి అమ్మ కుడిచేతి వేళ్లతో చిన్న చిన్న వస్తువులు పట్టించమని చెప్పింది. సాయంత్రాలు పళ్లెంలో ఆవాలు పోసి ఒక్కొక్కటే తీసి గిన్నెలో వేయించేవాళ్లం. మొదట్లో ఒక్కటీ రాలేదు. చెట్టుకు పది కాయలు చొప్పున తొమ్మిది చెట్లకు అయ్యాయి, నాలుగు నెలలు పట్టింది. గట్టు మీద పొదలకు ఎండిన తులసి కొమ్మలు భలేగా ఉంటాయని విరవబోతే మాత్రం ఎడమచెయ్యి గట్టిగా ఊపింది. మాట రాకపోయినా అర్థమైంది. తుమ్మకొమ్మలు తెచ్చుకున్నాను.

బోర్డు పసుపు, అక్షరాలు నలుపు. పైన తెలుగు, కింద హిందీ, ఆ కింద ఇంగ్లిష్. ఇంత చిన్న సైజులో తెలుగు ఫాంటు బోల్డు పెడితే గుండ్రాలు పూడిపోతాయి, మామూలుదే పెట్టండి. దీర్ఘాలూ వత్తులూ ఉన్న ఊరి పేరైతే వరుసల మధ్య ఇంకాస్త చోటు వదలండి.

టైంటేబుల్

బండి తయారయ్యాక చాలామంది నాలుగు రోజులు తిప్పి వదిలేస్తారు. నేను టైంటేబుల్ రాశాను. కోటిపల్లి గట్టు, అంటే అట్ట వెనక నుంచి, రాత్రి 9.05కి బయల్దేరుతుంది. అమలాపురం 9.06. మళ్లీ 9.10కి వాపసు. రోజుకు మూడు ట్రిప్పులు, నాలుగోది లేదు. పగలు కష్టంగా గడిచినా మూడే, హాయిగా గడిచినా మూడే. పాత రూళ్ల పుస్తకం ఒకటి ట్రైన్ రిజిస్టరు చేశాను. తేదీ, వచ్చిన టైము, ఆలస్యం ఉంటే ఎంత.

స్పీడు జాగ్రత్త. సెకనుకు మూడు సెంటీమీటర్లు కదిలితే అసలు లెక్కలో గంటకు పది కిలోమీటర్లు. స్టేషనులోకి వచ్చే బండికి అది చాలు. ఫోన్ స్టాప్‌వాచ్ పెట్టి, కంట్రోలర్ బిళ్ల మీద ఆ స్పీడు దగ్గర పెన్నుతో గీత పెట్టుకోండి. ఆ లెక్కన ఒక ట్రిప్పు అరనిమిషం పడుతుంది. బండి ఆగి ఆగి కదులుతుంటే పట్టాల మీద మట్టి చేరినట్టు. స్కూలు పిల్లల రబ్బరుతో రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. మా తడికి వారానికి ఒకసారి తప్పదు.

అమ్మ మంచం అటు తిప్పి వేశాం. తొమ్మిది దాటితే కళ్లు చెక్క మీదే. మొదట్లో "బ... బ..." అనేది, తర్వాత్తర్వాత "బండి" అనడం వచ్చింది.

పోయిన ఏడాది ఆమెకు న్యుమోనియా వచ్చి ఆస్పత్రిలో పదకొండు రోజులు ఉన్నాం. ఇంటికొచ్చిన రాత్రి చెక్క మీది దుప్పటి తీస్తే పట్టాలు నల్లబడి ఉన్నాయి. గబగబా రబ్బరు పట్టించి స్విచ్ వేశాను. బస్సు గట్టు వెనక నుంచి వచ్చి, తొమ్మిది చెట్ల కింద నుంచి పాక్కుంటూ ప్లాట్‌ఫాం మీదికొచ్చి ఆగింది. అమ్మ కాసేపు చూసి, "లేటు" అంది. రిజిస్టరు తీసి ఆలస్యం గడిలో 11 రోజులని రాశాను.